సుభద్ర మడమ తాళం

మా జాన్సన్‌విల్ తెలుగువాళ్ళకు సుభద్ర మీద ఒకటే ఫిర్యాదు. విజయవాడలో పన్నెండేళ్ళు కర్ణాటక వయొలిన్ నేర్చుకుని, ఇక్కడికొచ్చి పక్కింటి నార్వే ముసలాయన టోర్‌స్టైన్ దగ్గర వాళ్ళ ఫిడేలు మళ్ళీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టిందని. పొరుగింటి పుల్లకూర రుచి అని ఆడిపోసుకున్నారు.

"రుచిగా ఉంటే తినరా మరి?" అనేది సుభద్ర.

ఆ టోర్‌స్టైన్ ఫిడేలు చూడాల్సిందే. మెడ చివర సింహం తల, ఒంటినిండా ముత్యపుచిప్ప పని. కమాను తగిలే తీగల కింద ఇంకో వరస తీగలు. ఎవరూ తాకకుండానే పైవాటితో పాటు పలుకుతాయి. ఆ పాటలు కాగితం మీద ఉండవు, చెవిన పడాల్సిందే. తాళం మడమది. బూటు మడమతో నేలను కొడుతూ వాయించాలి.

పక్షవాతంతో ఆయన కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. కన్నపిల్లలు నేర్చుకోలేదు. ఆయన తాతగారి పాట సుభద్ర దగ్గరే మిగిలింది.

"నేనుండగా ఒక్కసారి జనం మధ్య వాయించు. కాలితో సహా," అని అడిగాడు.

2007 ఉగాది కార్యక్రమానికి పేరిచ్చింది. మా తెలుగు సంఘం కార్యదర్శి రామమోహన్ గారు ఫోన్ చేశారు.

"స్టేజి మీద సరస్వతి పటం ఉంటదమ్మా, బూట్లు కుదరవు. చక్కగా కింద కూర్చుని ఓ కీర్తన వాయించెయ్యండి."

మన పద్ధతిలో కూర్చుంటే ఫిడేలు తల పాదం మీద ఆనుతుంది. ఆ కాలు కదలకూడదు.

"బూట్లు విప్పుతానండీ. కూర్చోను," అంది.

ఆ రోజు పట్టుచీర కట్టుకుని, చెక్క వేదిక మీద ఉత్త మడమతో కొట్టింది. పటం ముందున్న పూలు అదిరాయి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సగంలో రామమోహన్ గారు మైకందుకున్నారు.

"టైమైపోయిందమ్మా, కాలు ఆపండి."

టోర్‌స్టైన్ చక్రాలకుర్చీ పక్కనే ఉన్న నాకు ఒళ్ళు మండింది. సుభద్ర కమాను దించింది. అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టబోయారు.

"ఇది మా గురువుగారి పాటండీ. ఆయన మొత్తం వినాలి," అని మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. ఈసారి ఇంకా గట్టిగా కొట్టింది. రామమోహన్ గారు మైకు దించేశారు.

అప్పుడు టోర్‌స్టైన్ ఎడమకాలు కుర్చీ మెట్టు మీద చప్పుడు చేసింది. తాళం తప్పింది, వెనకబడింది. సుభద్ర విని, నిదానించి, ఆ కాలితో కలిసి చివరిదాకా వాయించింది.