జైసల్మేరులో అత్తయ్య

సిడ్నీలో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే మూడో మాట "మీదే ఊరండీ?" అనే. క్వేకర్స్ హిల్‌లో ఆదివారం భోజనాలకు వెళ్ళినప్పుడల్లా ఆ ప్రశ్న రాగానే మా అత్తయ్య ముఖం చిన్నబోయేది. ఆమె పుట్టింది ఫీజీలో. చెరకు తోటల్లో పనికని ఓడెక్కిన వాళ్ళ తాత తన ఊరి పేరు ఎవరికీ చెప్పకుండానే పోయాడు. అక్కడ గొడవలయ్యాక అత్తయ్య కొడుకుతో సిడ్నీ వచ్చింది. ఆ కొడుకునే నేనిక్కడ చేసుకున్నాను. నాది కాకినాడ.

"కాకినాడ అని చెప్పేయండత్తయ్యా, పోయేదేముంది? ఎవడొచ్చి చూస్తాడు?" అనేదాన్ని. నాకు ఓపిక తక్కువ.

"అది నీ ఊరు బేటీ," అనేది. పట్టిన పట్టు విడిచేది కాదు.

ఆ ఏడు మా ఆయన ముగ్గురికీ ఇండియా టికెట్లు కొంటానంటే అత్తయ్య కాకినాడ రానంది. "అక్కడ అందరూ అడుగుతరు." ట్రావెల్ ఏజెంటు గోడ మీద ఇసుక రంగు కోట బొమ్మ ఉంటే దాన్ని చూపించి, "ఈడ తెలుగు మాట్లాడరు గదా?" అంది. అలా పుట్టింట్లో గడపాల్సిన నా సెలవులు ఎడారి పాలయ్యాయి. మూతి ముడుచుకునే రైలెక్కాను.

తెల్లవారుతుంటే జైసల్మేరులో దిగాం. దుప్పట్ల మీద ఇసుక, రెప్పల మీద ఇసుక. దూరంగా కోట. ఎవరో కట్టినట్టు లేదది, నేలే నిద్రలో ఒత్తిగిలి కాస్త పైకి లేచినట్టుంది. ఎండ పెరిగేకొద్దీ ఆ పసుపు రాయి రంగు మారుతూ పోయింది. లోపల సందులు, సందుల్లో ఆవులు, తలెత్తితే చెక్కిన కిటికీలు. రాయిని ఎంత పల్చగా చెక్కారో, అందులోంచి గాలి వచ్చి ముఖానికి తగులుతోంది. కోటంటే టికెట్టు కొని చూసి వచ్చేదే అనుకున్నాను. ఇక్కడ జనం కాపురాలు చేస్తున్నారు. గోడల మీద చీరలు ఆరేశారు. ఎవరింట్లోనో పోపు వేగుతోంది. ఒక సందులోంచి ఇంకో సందులోకి తిరుగుతుంటే, నడుస్తున్నానో, నిద్రపోతూ కల కంటున్నానో తెలియలేదు. నా కోపం కూడా ఎక్కడో జారిపోయింది.

ఒక అరుగు మీద చేతినిండా తెల్లగాజులున్న ముసలావిడ అత్తయ్యను చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆవిడది మార్వాడీ, అత్తయ్యది ఫీజీ హిందీ. ఎలా అర్థమయ్యాయో గాని ఇద్దరూ ఆగకుండా మాట్లాడుకున్నారు. బళ్ళో చదివిన నా హిందీకి ఒక్క ముక్క అందితే ఒట్టు. నా దేశంలో నాకు ఫీజీ మనిషి దుబాసీ.

"ఏమంటోంది?" అన్నాను.

"నీది ఏ ఊరని అడుగుతుంది."

ఇంత దూరం పారిపోయి వచ్చినా తప్పలేదు కదా అనుకున్నాను. అత్తయ్య తల దించుకుని ఏదో చెప్పింది. ముసలావిడ ఆమె వంక చూసి, తల మీద చెయ్యి పెట్టి, మెల్లగా రెండు ముక్కలంది. అత్తయ్య ఏడ్చేసింది. ఏమందని ఎంత అడిగినా చెప్పలేదు. సాయంత్రం ఇసుక దిబ్బలకు కూడా రాలేదు, ఆ అరుగు మీదే కూర్చుండిపోయింది. పొద్దు గుంకడం మేమిద్దరమే చూసొచ్చాం.

సిడ్నీ తిరిగొచ్చాక మళ్ళీ క్వేకర్స్ హిల్ భోజనాలు. భీమవరం నుంచి కొత్తగా వచ్చిన ఆంటీ ఒకావిడ పులిహోర వడ్డిస్తూ, "మీదే ఊరండీ?" అంది.

అత్తయ్య తలెత్తి, "జైసల్మేరు," అంది.

"అదెక్కడండీ, గోదావరి జిల్లానా?"

"ఎడారిల ఉంటది."

"అక్కడ మనవాళ్ళున్నారా అండీ?"

"ఒకామె ఉంది."

మా ఆయన నోరు తెరవబోతే కాలు తొక్కాను.

తిరిగి వస్తుంటే కారులో నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ నా కాకినాడ ఇస్తానంటే వద్దంది. ముక్కూ మొహం తెలియని ఆవిడ ఊరు ముద్దొచ్చిందా? మనసులో పెట్టుకోలేక అడిగేశాను.

"నువ్వు చెప్పుకోమన్నావు బేటీ," అంది అత్తయ్య. "ఆమె ఉండిపొమ్మంది."