యోసేపుకి హీరో ముఖం

పోయిన నెల బెజవాడలో ఒక షాపింగు మాలుకి వెళ్ళాను. మెట్లెక్కబోతుంటే పక్కన ఓ కుర్రాడు చిన్న బల్ల వేసుకుని సినిమా హీరోల ముఖాలు నల్ల ఇంకుతో గీసి అమ్ముతున్నాడు. చుట్టూ పదిమంది మూగి ఫోనుల్లో ఫోటోలు తీసుకుంటున్నారు. అంత గోలలోనూ పాళీ చప్పుడు నా చెవిన పడింది. ఉక్కు పాళీ దళసరి కాగితం మీద గీరుకుంటూ పోయే చప్పుడది, చేటలో బియ్యం ఏరుతున్నట్టు సన్నగా ఉంటుంది. వినగానే నా అరచేతులకు చెమటపట్టింది. డెబ్బయ్యేళ్ళు దాటిన మనిషిని, ఆ చప్పుడుకు భయపడటమేమిటని నా మీద నాకే కోపం వచ్చింది. కానీ భయమైతే వేసింది. నిజం చెప్పాలంటే అది రూతమ్మ గారి పాళీ చప్పుడు.

రూతమ్మ గారు బెజవాడలో మా మిషన్ హైస్కూల్లో డ్రాయింగ్ టీచరు. డెబ్బైల్లో నేను మంగళగిరి నుంచి వచ్చి అక్కడ తెలుగు టీచరుగా చేరాను. టెంపరరీ పోస్టు. మా నాన్న మగ్గం మీద నేసేవారు, చేతులు వణకడం మొదలయ్యాక మగ్గం మూలపడింది. ఇంట్లో నలుగురికి నా ఉద్యోగమే ఆధారం. స్కూలు ఆవరణలోనే టీచర్లకు క్వార్టర్లుండేవి. రూతమ్మ గారి ఇంట్లో ముందు గది నాకిచ్చారు. అప్పటికి ఆవిడకు నలభై అయిదేళ్ళుంటాయి. భర్త పోయారు, పిల్లల్లేరు. తెల్ల చీర, వెనక్కి బిగించి దువ్విన జుట్టు, కుడిచేతి మధ్యవేలు మీద ఎప్పుడూ ఓ నల్లమచ్చ. క్లాసులో పిల్లలకు కుండా, మందారపువ్వూ, మామిడికాయా నేర్పేవారు. సాయంత్రం ఇంటికొచ్చి తలుపు గడియపెట్టి సినిమా తారల ముఖాలు గీసేవారు.

మిషన్ వాళ్ళకు అప్పట్లో సినిమా అంటే పాపం. టీచర్లు హాలుకి వెళ్ళారని తెలిస్తే సంజాయిషీ అడిగేవారు. తమాషా ఏమిటంటే, రూతమ్మ గారు పుట్టి బుద్ధెరిగాక సినిమా హాలు గడప తొక్కలేదు. వాళ్ళ నాన్నగారు దివిసీమలో ఒక పల్లెటూరి చర్చికి పాస్టరు. సినిమా చూడనని తన పద్నాలుగో ఏట ఆయనకు మాటిచ్చారట, ఆ మాట తప్పలేదు. గాంధీనగరంలోని ఒక సినిమా వారపత్రిక వాళ్ళు స్టిల్స్ పంపేవారు. వాటిని చూసి ఈవిడ నడి పేజీకి ఇంకుతో ముఖాలు గీసిచ్చేవారు. కింద పేరు వేయొద్దని షరతు. ఎవరు గీస్తున్నారో ఆ ఎడిటరుకీ తెలియదు.

ఆవిడ గీయడం చూడటం నాకు అలవాటైపోయింది. స్టిల్ ఎదురుగా పెట్టుకుని, ముందు ఒక పోస్టుకార్డుతో ముఖంలో సగం మూసేవారు. కాసేపు చూసి, కార్డు రెండోవైపుకి జరిపేవారు. ఒకసారి ఒక హాస్యనటుడి ఫోటో అలా చూపించారు.

"ఎడం పక్క చూడు. ఎలా ఉన్నాడు?"

"నవ్వుతున్నాడండీ."

"ఇప్పుడు ఇటు చూడు."

కుడివైపు కన్ను నవ్వడం లేదు. ఎవరో అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డట్టు చూస్తోంది. ఆ కంటి కింద ఆవిడ నలభై గీతలన్నా గీసుంటారు, ఒకదానికొకటి తగలకుండా. ఆ బొమ్మ అచ్చయిన వారం పత్రికకు బోలెడు ఉత్తరాలొచ్చాయట, ఆయన్ని చూస్తే మొదటిసారి ఏడుపొచ్చిందని. సినిమా చూసినవాళ్ళెవరికీ కనపడనిది ఈవిడకు కనపడింది. బహుశా సినిమా చూడకపోవడం వల్లేనేమో.

బొమ్మలు పత్రికాఫీసుకి చేర్చే పని నాది. ప్రతి గురువారం స్కూలయ్యాక సిటీబస్సెక్కి వెళ్ళి కవరిచ్చి, కొత్త స్టిల్స్ తీసుకుని వచ్చేదాన్ని. మొదటిరోజే ఆవిడ ఒక మాట చెప్పారు. "అబద్ధం ఆడొద్దు సుజాతా. ఎవరు గీశారని అడిగితే చెప్పనని చెప్పు. తెలియదని మాత్రం అనకు." నేను సరేనన్నాను. ఆ సాయంత్రమే ఎడిటరు గారు ఎవరమ్మా గీసేదంటే, "మా బాబాయండీ" అనేశాను. నాకసలు బాబాయే లేడు. ఆ వయసులో అబద్ధం నా నోట్లో చక్కెరకేళీలా కరిగిపోయేది.

ఒక గురువారం బస్సులో నా పక్కన ఎవరో వచ్చి కూర్చుంటే తలెత్తి చూశాను. కరస్పాండెంటు గారి భార్య. కరస్పాండెంటంటే మా స్కూలు పెత్తనమంతా ఆయనదే, ఉద్యోగాలివ్వడమూ ఆయనే, తీసెయ్యడమూ ఆయనే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కవరును రెండు చేతులా కప్పేశాను. ఆవిడ చూపు సరిగ్గా దాని మీదే పడింది.

"ఏంటమ్మా అంత జాగ్రత్తగా పట్టుకున్నావ్? పరీక్ష పేపర్లా?"

"కాదండీ, రూతమ్మ టీచరు గారి బొమ్మలండీ."

"సండేస్కూలు బొమ్మలా? ఏదీ, చూడనీ."

ఆవిడ చెయ్యి కవరు అంచు పట్టుకుంది కూడా. లోపల ఒక హీరోయిన్ తడి జుట్టుతో ఉంది. "ఇంకా ఇంకు ఆరలేదండీ, అంటుకుపోతాయి" అన్నాను. "అయ్యో, పోనీలే" అని చెయ్యి తీసేశారు. దిగేదాకా ఆవిడ చెప్పిన కబుర్లలో ఒక్క ముక్క నా చెవికెక్కలేదు. ఇంటికొచ్చి రూతమ్మ గారికి చెబితే మెచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ పాళీ కింద పెట్టేశారు.

"చూపించనని చెప్పలేకపోయావా?"

"అంత పెద్దావిడకి ఎలా చెప్తానండీ?"

"నోటితో" అన్నారు. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ కూడా మాట్లాడలేదు. నాకు ఒళ్ళు మండింది. ఈవిడ రహస్యం కాపాడుతున్నందుకు నాకా ఈ శిక్ష అనుకున్నాను.

ఆ ఏడు క్రిస్మస్‌కి స్కూలు హాల్లో పెద్ద తెర మీద యేసు పుట్టుక దృశ్యం గీయమని రూతమ్మ గారికి పురమాయించారు. నాలుగు రోజులు హాలు తలుపులేసుకుని, కుంచెతో నల్ల ఇంకుతో గీశారు. పశువులపాక, మరియమ్మ, ఆ పక్కన యోసేపు, గొర్రెలకాపరులు. నన్ను కూడా లోపలికి రానివ్వలేదు.

క్రిస్మస్ కార్యక్రమం రోజు హాలు కిటకిటలాడింది. ముందు వరసలో కరస్పాండెంటు గారు, కమిటీ పెద్దలు, హెడ్మిస్ట్రెస్ గారు. ప్రార్థన అయ్యాక ముందు కట్టిన దుప్పటి లాగేశారు. ఆ తర్వాత వెనక వరసలోంచి ఈల వినిపించింది. ఇంకో ఈల. మరుక్షణం ఆరో తరగతి మగపిల్లలందరూ బెంచీలెక్కి, ఒక హీరో పేరు పెట్టి జేజేలు కొడుతూ ప్రోగ్రాం కాగితాలు చింపి గాల్లోకి విసరడం మొదలుపెట్టారు, అచ్చం మొదటి ఆటలో హీరో తెర మీదికి రాగానే విసిరినట్టు.

యోసేపుకి ఆ హీరో ముఖం వచ్చేసింది. ఆ దవడ, ఆ కనుబొమ్మ, ఆ మెడ వంపు. గడ్డం పెట్టినా దాగలేదు. ఆ ఏడాది ఆ హీరో రిక్షావాడిగానో, రైల్వే కూలీగానో వేసిన స్టిల్సే వారం వారం ఆవిడ బల్ల మీదికి వచ్చాయి. నేను రూతమ్మ గారి వైపు చూశాను. తెల్లబోయి బొమ్మకేసి చూస్తున్నారు. ఈలలెందుకు వేస్తున్నారో ముందు ఆవిడకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇంటికొచ్చాక మెల్లగా అన్నారు, "యోసేపు వడ్రంగి కదమ్మా. ఒళ్ళు వంచి పనిచేసే మనిషి ముఖం కావాలనుకున్నా. నా చేతికి తెలిసిన అలాంటి ముఖం అదొక్కటే."

పిల్లలు గుర్తుపట్టారంటే సరే. సినిమా పాపమనే పెద్దలు కూడా క్షణంలో గుర్తుపట్టేశారు. ఎలా గుర్తుపట్టారని వాళ్ళను ఎవరూ అడగలేదు. స్కూలు గుమాస్తా తన సొరుగులోంచే వారపత్రికలు తీసుకొచ్చి కరస్పాండెంటు గారి ముందు పెట్టాడు. గీతలు పోల్చి చూడటానికి పెద్ద చదువేమీ అక్కర్లేకపోయింది.

జనవరిలో కమిటీ కూర్చుంది. ఆఫీసు గదిలో పొడుగు బల్లకు అటువైపు ఐదుగురు. ఇటువైపు బెంచీ మీద రూతమ్మ గారు. నన్ను పిలిచేసరికి ఆవిడ అప్పటికే ఒప్పుకున్నారు, బొమ్మలు నావేనని, సినిమా మాత్రం ఎన్నడూ చూడలేదని. కమిటీలో ఒక డాక్టరు గారి భార్య ఉండేవారు, ఆవిడ గట్టిగా మాట్లాడుతున్నారు. "హాలుకి వెళ్ళలేదంటున్నారు కదండీ. ఇరవయ్యేళ్ళ సర్వీసు. ఒక క్షమాపణ పత్రం రాయించుకుని వదిలేద్దాం." మిగతావాళ్ళు తలలూపుతున్నట్టే కనిపించింది. గండం గడిచినట్టేనని నాకూ అనిపించింది.

అప్పుడు కరస్పాండెంటు గారు నావైపు తిరిగారు.

"ఏమ్మా, ప్రతి గురువారం ఆ పత్రికాఫీసుకి కవర్లు తీసుకెళ్ళేది నువ్వేనంటగా?"

"నేనేనండీ."

"అందులో ఏముందో తెలిసే తీసుకెళ్ళావా?"

బల్ల మీద ఆయన మోచేతి పక్కన నా ఫైలుంది. నా ఉద్యోగం పర్మినెంటు చేసే కాగితం అందులోనే ఉందని ముందురోజే హెడ్మిస్ట్రెస్ గారు చెప్పారు. మా నాన్న చేతులు గుర్తొచ్చాయి. రూతమ్మ గారి వైపు చూడకూడదనుకున్నాను, చూడలేదు.

"తెలియదండీ. సండేస్కూలు బొమ్మలనుకున్నానండీ. టీచరు గారు ఇచ్చి రమ్మన్నారు, ఇచ్చానండీ."

గదిలో గాలి మారిపోయింది. ఆ మార్పు నాకు తెలుస్తూనే ఉంది. డాక్టరు గారి భార్య కళ్ళజోడు తీసేశారు. "పెళ్ళికాని పిల్ల. ఏమీ చెప్పకుండా అలాంటి ఆఫీసులకి పంపారా?" అన్నారు. అప్పటిదాకా రూతమ్మ గారిది సరదాకి చేసిన పొరపాటు. నా ఒక్క మాటతో అది మోసమైంది. ఇదంతా నేను తర్వాతెప్పుడో తెలుసుకున్నానని రాస్తే బాగుంటుంది, కానీ అదీ అబద్ధమే అవుతుంది. అక్కడే, ఆ బెంచీ పక్కన నిలబడి ఉండగానే నాకు అర్థమైంది. అయినా నోరు విప్పలేదు.

"ఈ అమ్మాయి చెప్పింది నిజమేనా రూతమ్మా?" అని కరస్పాండెంటు గారు అడిగారు.

ఆవిడ నన్ను చూస్తున్నారని నా చెంపకు తెలుస్తోంది. ఆవిడ కాదంటే కాదు, అవునంటే అవును, అంతా ఆవిడ చేతిలో ఉంది.

"నిజమేనండీ" అన్నారు రూతమ్మ గారు. "ఆ పిల్లకేమీ తెలియదు."

నాకు తెలిసి ఆవిడ ఆడిన అబద్ధం అదొక్కటే. ఆ నెలాఖరుకి ఆవిడ ఉద్యోగమూ, క్వార్టరూ రెండూ పోయాయి. సామాను రిక్షాలో ఎక్కిస్తుంటే నేను సెలవు పెట్టి మంగళగిరి వెళ్ళి కూర్చున్నాను. ఫిబ్రవరిలో నా పోస్టు పర్మినెంటయింది. అమ్మ పానకాలస్వామికి మొక్కు తీర్చుకుంది. నేను ప్రసాదం మింగలేక మింగాను.

ఆవిడ వన్‌టౌన్‌లో మేడమీద గది తీసుకుని, బొమ్మలు గీసుకునే బతికారు. పత్రికలకు, పాటల పుస్తకాలకు, క్యాలెండర్లకు. ఈసారి కింద పేరు కూడా వేశారు. అచ్చులో ఆ పేరు చూసినప్పుడల్లా పేజీ తిప్పేసేదాన్ని. నేనూ ఆ స్కూల్లోనే హెడ్మిస్ట్రెస్‌నయ్యాను, ఆ పొడుగు బల్లకు అవతలి వైపు ఎన్నో ఏళ్ళు కూర్చున్నాను. ఏ పిల్లనైనా, ఏ టీచరునైనా ఏదన్నా అడగాల్సి వస్తే ముందు అందరినీ బయటికి పంపేదాన్ని. మనిషి నలుగురి ముందు నిజం చెప్పాలంటే ఎంత ధైర్యం కావాలో నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? చాలామంది నన్ను దయగల మనిషినన్నారు. దయ కాదది, సిగ్గు.

ఆవిడ దగ్గరికి ఒక్కసారే వెళ్ళగలిగాను, అదీ రెండేళ్ళు పోయాక. మధ్యాహ్నం వేళ. మెట్ల మీద మూడుసార్లు ఆగాను. తలుపు తీసి, "రా సుజాతా, ఎండనపడొచ్చావు" అని కూజాలో నీళ్ళిచ్చారు. గోడల నిండా ముఖాలు. తారలే కాదు, పూలమ్మే ఆవిడ, రిక్షా అబ్బాయి, కింద వాటాలో అత్తర్లమ్మే సాయిబుగారు. నేను గ్లాసు పట్టుకుని ఏడ్చేశాను.

"అబద్ధం ఆడానండీ" అన్నాను.

"తెలుసమ్మా, పక్కనే ఉన్నాగా."

"మీరెందుకు కాదనలేదండీ?"

ఆవిడ చాలాసేపు వేలి మీద మచ్చ రుద్దుకున్నారు. "మీ నాన్నగారి సంగతి నాకు తెలుసు కదా" అన్నారు. నా ముఖంలోకి సూటిగా చూసి అన్నారు, "ఆ సాయంత్రం ఇంటికొచ్చి నీ ముఖం గీద్దామని కూర్చున్నా. తెలియదండీ అన్నప్పుడు ఎలా ఉన్నావో, అలాగే. కోపంతోనే కూర్చున్నా, దాచడమెందుకు. పాళీ ఇంకులో ముంచాను కూడా. మళ్ళీ తుడిచేశా. గీస్తే ఇక నువ్వెప్పటికీ అలాగే ఉండిపోతావనిపించింది. ఇరవై మూడేళ్ళ పిల్లవి."

రూతమ్మ గారు పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ గీసిన బొమ్మలు ఎవరెవరి ఇళ్ళల్లోనో ఉండే ఉంటాయి, నా దగ్గర ఒక్కటీ లేదు. నాకు ఇచ్చింది ఆ గీయని బొమ్మే. ఇన్నేళ్ళుగా నా ముఖానికి దాని పోలిక రాకూడదనే బతికాను.