ఆ లిఫ్టుకు చెల్లని పాస్‌పోర్టు

పోయిన నెల రెండో ఆదివారం పొద్దున మా ఎదురు ఫ్లాటు టీచరుగారు పోయారు. చర్చికి వెళ్ళడానికి తెల్లచీర కట్టుకుని, బైబిలు ఒళ్ళో పెట్టుకుని, చెప్పులు వేసుకోవడానికి కుర్చీలో కూర్చున్నారు. ఒక చెప్పు కాలికి ఉంది, రెండోది నేలమీద ఉంది. వాళ్ళింట్లో చాలాకాలంగా పనిచేస్తున్న లక్ష్మమ్మ తన దగ్గరున్న తాళంతో తలుపు తీసి, చూసి, వెనక్కి వచ్చి నా తలుపు కొట్టింది. ఏడవలేదు. "అమ్మా, టీచరమ్మ లేస్తలేదు" అంది. నేను వెళ్ళి మణికట్టు పట్టుకుని చూశాను. చేయి ఇంకా పూర్తిగా చల్లబడలేదు.

ఇది చదువుతున్నవారిలో ఆమె దగ్గర చదువుకున్నవారు కొందరు ఉండవచ్చు. సికింద్రాబాదులో ఒక మిషన్ స్కూల్లో ఆమె రిటైరయ్యేదాకా సోషల్ పాఠాలు చెప్పారు. సొంత ఊరు గుంటూరు వైపు. పెళ్ళి చేసుకోలేదు. నేను రైల్వేలో లెక్కల విభాగంలో పనిచేసి వచ్చినదాన్ని, ఏ వస్తువు ఎక్కడ ఉండాలో అక్కడే ఉండాలనే మనిషిని. ఆమె కళ్ళజోడు ఎక్కడ పెట్టారో ఆమెకే తెలియదు. అయినా పన్నెండేళ్ళు సాయంత్రం టీ కలిసే తాగాం. అపార్ట్‌మెంటు సంఘానికి నేను ట్రెజరర్ని కాబట్టి నన్ను ఎప్పుడూ "ట్రెజరర్ గారూ" అనే పిలిచేవారు. అందులో కొంచెం ఎగతాళి ఉండేది. దానికి నేను అలవాటుపడ్డాను.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఎవరినైనా పూర్తి పేరు అడిగేవారు. పాలు వేసే కుర్రాణ్ణి, కొరియరు తెచ్చినవాణ్ణి, మెట్లు తుడిచే ఆమెను కూడా. అడిగిన పేరు మరిచిపోయేవారు కాదు. లక్ష్మమ్మను "లక్ష్మమ్మగారూ" అనేవారు. మొదట్లో లక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. "గారు గీరు వద్దమ్మా, నన్ను కాదనుకుని ఎనకకు మళ్ళి చూస్తున్న" అని నాతో ఒకసారి చెప్పింది.

ఆమె దగ్గర ఒక పాత పాస్‌పోర్టు ఉండేది. వాళ్ళ అక్క గల్ఫులో నర్సుగా చేసేటప్పుడు రమ్మని పిలిస్తే తీసుకున్నది. ఏదో కారణంవల్ల ప్రయాణం ఆగిపోయింది, ఆ తర్వాత ఎక్కడికీ వెళ్ళలేదు. వీసా పేజీలన్నీ ఖాళీ. కానీ మా కాలపు పాస్‌పోర్టుల్లో ఒక వాక్యం ఉండేది, ఈ కాలం పిల్లలకు తెలియదు: ఇది దక్షిణాఫ్రికాకు చెల్లదు. అక్కడ మనుషులను రంగునుబట్టి వేరే బళ్ళలో, వేరే బస్సుల్లో, వేరే బెంచీల మీద కూర్చోబెట్టేవారు కాబట్టి మన దేశం ఆ దేశంతో రాకపోకలు మానుకుంది. వ్యాపారమైతే స్వాతంత్య్రం రాకముందే ఆపేసింది. మన టెన్నిస్ జట్టు ఒకసారి ఫైనల్‌దాకా వెళ్ళి, ఎదుటి జట్టు ఆ దేశానిదని ఆడకుండా కప్పు వదిలేసుకుంది. ఇవన్నీ ఆమె ప్రతి సంవత్సరం తొమ్మిదో తరగతికి చెప్పి, చివర ఆ పాస్‌పోర్టు పిల్లల చేతికి ఇచ్చి బెంచీ బెంచీకి తిప్పించేవారట.

"నేను ఏ దేశమూ వెళ్ళలేదు. కానీ ఒక దేశానికి మాత్రం వెళ్ళనని మన ప్రభుత్వం నా తరఫున మాట ఇచ్చింది. నాకది చాలా గొప్పగా ఉండేదండీ" అని నాతో అన్నారు. గొప్పలు చెప్పుకునే మనిషి కాదు. ఈ ఒక్కటే చెప్పుకోవడం విన్నాను.

రాంగోపాల్‌పేటకు దగ్గర్లో ఉన్న మా అపార్ట్‌మెంటుకు రెండు లిఫ్టులు. మెయిన్ లిఫ్టులో నిలువెత్తు అద్దం, ఫ్యాను ఉంటాయి. సర్వీసు లిఫ్టు సామాన్ల కోసం చేయించిన పొడవాటి లిఫ్టు. లోపల చెక్కలు కొట్టి ఉంటాయి, మూలుగుతూ మెల్లగా నడుస్తుంది, తరచు పాడవుతుంది. కొన్నేళ్ళ క్రితం మెయిన్ లిఫ్టు పక్కన ఒక బోర్డు పెట్టారు: పనివారు, డెలివరీవారు సర్వీసు లిఫ్టు మాత్రమే వాడవలెను.

ఒక మధ్యాహ్నం సర్వీసు లిఫ్టు పాడైతే లక్ష్మమ్మ మెయిన్ లిఫ్టు ఎక్కింది. మల్కాజ్‌గిరి నుంచి రెండు బస్సులు మారి వస్తుంది, మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. రెండో అంతస్తులో ఎవరో ఎక్కబోయి, ఆమెను చూసి, అక్కడే దింపేశారు. మిగతా మూడు అంతస్తులు ఆమె గోడ పట్టుకుని ఎక్కింది. టీచరుగారు తలుపు తీసేసరికి గడపలో కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంటోంది. ఏమైందంటే చెప్పలేదు. చాలాసేపు అడిగితే, "ఏం లేదమ్మా, మాకు వేరే ఉన్నది కద" అంది.

ఆ సాయంత్రం నుంచి టీచరుగారు మెయిన్ లిఫ్టు ఎక్కడం మానేశారు. ఎందుకు అని వాచ్‌మన్ అడిగితే, "నా పాస్‌పోర్టు ఆ లిఫ్టుకు చెల్లదు బాబూ" అన్నారు. ఆ మాట అపార్ట్‌మెంటంతా పాకింది. కొందరు నవ్వారు. ఆమె మాత్రం కూరగాయల సంచీతో, గ్యాసు సిలిండర్ల మధ్య, చెక్కల లిఫ్టులోనే తిరిగారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు నిలబడలేరని అందులో ఒక నీలం ప్లాస్టిక్ స్టూలు కూడా పెట్టారు. సంఘం ఆస్తి కాని వస్తువు లిఫ్టులో ఉండకూడదని నేను అన్నాను. "అయితే సంఘానికి దానమిస్తున్నాను, రాసుకోండి" అన్నారు. రాసుకున్నాను.

తర్వాత సమావేశంలో ఆమె బోర్డు సంగతి ఎత్తారు. పాస్‌పోర్టు చేతిలో పట్టుకునే వచ్చారు. మా సెక్రటరీగారు బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవారు, చెడ్డవారు కాదు. "మేడమ్, ఇది సౌతాఫ్రికా కాదు కద. ఇక్కడ తెల్లోళ్ళెవరు, నల్లోళ్ళెవరు? హైజీన్ కోసం పెట్టినం, అంతే" అన్నారు.

టీచరుగారు గొంతు పెంచలేదు. వివక్ష అంటే ఏమిటో ప్రపంచ దేశాలన్నీ కూర్చుని ఒక ఒడంబడికలో రాసుకున్నాయనీ, అందులో రంగు ఒక్కటే లేదు, పుట్టుక కూడా ఉందనీ చెప్పారు. అది కులానికి వర్తించదని మన ప్రభుత్వం వాదిస్తుందని కూడా ఆమే చెప్పారు, దాచలేదు. "ఆ వాదన వాళ్ళు చూసుకుంటారు. అంటరానితనం వద్దని మన రాజ్యాంగమే చెప్పింది, మనకు అది చాలు" అని, సెక్రటరీగారి వైపు తిరిగి, "హైజీన్ అన్నారు. మీ ఇంట్లో చపాతీ పిండి ఎవరు కలుపుతారండీ?" అని అడిగారు. సెక్రటరీగారి భార్యకే ముందు నవ్వు వచ్చింది.

చేతులెత్తించారు. నేను ఆమె పక్షాన ఎత్తాను. ఎక్కువమంది ఎత్తారు. వారంలో పాత బోర్డు పోయింది. దాని చోట కొత్త బోర్డు వచ్చింది: ఈ లిఫ్టులో పనివారికి కూడా అనుమతి కలదు. సెక్రటరీగారు తన జేబులోంచి డబ్బు పెట్టి, బంగారు రంగు అక్షరాలతో చేయించారు. టీచరుగారు మెచ్చుకుంటారనే ఆయన అనుకున్నారు. ఆమె దాని ముందు కొంచెంసేపు నిలబడి, "అనుమతి ఇవ్వడానికి మనమెవరం సార్? ఆమె పని మీద వచ్చింది, లిఫ్టు పైకి వెళ్తుంది. అంతే కదా" అన్నారు. పాపం ఆయన ముఖం చిన్నబోయింది. ఆ బోర్డూ తీసేశారు. గోడకు నాలుగు మేకుల గుర్తులు మాత్రం మిగిలాయి.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది.

మర్నాడు టీచరుగారు బతిమాలితే లక్ష్మమ్మ కింద మెయిన్ లిఫ్టు ఎక్కింది. మూడో అంతస్తులో ఉండే ఒక ఇల్లాలు అప్పటికే లోపల ఉంది. ఆమె ఒక్క చెడ్డ మాట కూడా అనలేదు. "నేను తర్వాత వస్తాలే" అని గొణిగి, చీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుని దిగిపోయింది. లక్ష్మమ్మ కూడా దిగింది. లిఫ్టు ఖాళీగా పైకి వచ్చింది. ఐదో అంతస్తులో తలుపు దగ్గర టీచరుగారు ఎదురుచూస్తూ నిలబడి ఉన్నారు, నేను చూశాను. తలుపులు తెరుచుకుంటే లోపల అద్దం తప్ప ఎవరూ లేరు.

ఆ తర్వాత లక్ష్మమ్మ ఆ లిఫ్టు ఎక్కలేదు. "రండి లక్ష్మమ్మగారూ" అని టీచరుగారు ఎన్నిసార్లు పిలిచినా, "మీరు పోండ్రి అమ్మా, నేను ఇట్ల వస్త" అని సర్వీసు లిఫ్టు వైపు నడిచేది. టీచరుగారు కూడా ఆమె వెనకే వెళ్ళేవారు.

నేను కోప్పడ్డాను. రూలు పోయింది, బోర్డు పోయింది, ఇంకా ఈ పంతం దేనికని అడిగాను. అప్పటికే ఆమెకు గుండె బలహీనపడింది, సర్వీసు లిఫ్టు పాడైన రోజున ఒక్కో అంతస్తుకూ ఆగి ఆగి మెట్లెక్కేవారు. టీ కప్పు కింద పెట్టి ఆమె చెప్పింది నాకు బాగా గుర్తుంది. వర్ణవివక్ష మానవజాతి మీద నేరమని దేశాలు ఒడంబడిక రాసుకున్నాయి, నేరం చేసినవాణ్ణి ఏ దేశమైనా పట్టుకుని విచారించవచ్చని కూడా రాసుకున్నాయి, కానీ తనకు తెలిసి దాని కింద ఒక్కరినీ బోనెక్కించలేదని చెప్పారు.

"మరి ఆ కాగితం ఎందుకండీ?" అన్నాను. లెక్కలో ఏమీ తేలని పద్దు చూస్తే నాకు చిరాకు.

"ఒకసారి నేరం అని పేరు పెట్టాక దాన్ని మళ్ళీ ఆచారం అని పిలవలేరు ట్రెజరర్ గారూ. కాగితం చేసే పని అంతవరకే. మిగతాది మనుషులు చెయ్యాలి." కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "లక్ష్మమ్మగారు తనంతట తాను ఆ లిఫ్టు ఎక్కిన రోజున నేనూ ఎక్కుతాను. అప్పటిదాకా అది నాకు చెల్లదు" అన్నారు.

తన సంగతులు ఆమె ఎప్పుడూ చెప్పుకోలేదు. ఆ రోజు మాత్రం ఒక మాట అన్నారు. వాళ్ళ నాయనమ్మ గుడిలోకే కాదు, మొదట్లో చర్చిలోకి కూడా వెనక తలుపు నుంచే వెళ్ళేదట. ముందు తలుపు తీసే ఉండేదట, వద్దన్నవారు కూడా లేరట. "తెరిచి ఉన్న తలుపు దాటడానికి మా నాయనమ్మకు జీవితమంతా పట్టింది" అని, టీ చల్లారిందని లేచి వేడి చేయడానికి వెళ్ళారు.

ఆమె పోయిన ఆదివారం మధ్యాహ్నానికి గుంటూరు నుంచి ఆమె మేనకోడలు వచ్చింది. బీరువాలో కావలసిన చీర నేనే తీసి ఇచ్చాను. పాస్‌పోర్టు బైబిలులో ఉంది, గుర్తు కోసం పెట్టుకునే కాగితంలాగా. మేనకోడలు దాన్ని అలాగే బైబిలుతోపాటు శవపెట్టెలో ఆమె చేతుల కింద పెట్టింది.

సాయంత్రం చర్చివాళ్ళు పెట్టెను వసారాలోకి తెచ్చారు. మెయిన్ లిఫ్టులో పెట్టబోయి చూశారు, పట్టదు. నిలువుగా పెట్టమని ఎవరో అంటే పాస్టరుగారు వద్దన్నారు. సర్వీసు లిఫ్టులోనే దింపాలని తేల్చారు. ఆఖరి ప్రయాణంలో కూడా ఆమె మాట తప్పలేదు. నాకు ఏడుపు వచ్చింది అప్పుడే, అంతకుముందు రాలేదు.

పెట్టె, దాన్ని పట్టుకున్న నలుగురు పట్టేసరికి లోపల అడుగు పెట్టడానికి చోటు లేదు. నీలం స్టూలు అడ్డంగా ఉంటే లక్ష్మమ్మ వంగి బయటికి తీసింది. తలుపు మూసుకుంది. ఆ పాత లిఫ్టు మూలుగుతూ కిందికి బయలుదేరింది. వసారాలో ఉన్నవాళ్ళలో చాలామంది మెట్లవైపు పరుగెత్తారు, కింద వ్యాను తయారుగా ఉంది, చీకటి పడకముందే బొల్లారం సమాధుల తోటకు చేరాలి.

లక్ష్మమ్మ మెట్లదాకా వెళ్ళి ఆగింది. స్టూలు ఛాతీకి హత్తుకుని కిందికి చూసింది. ఐదు అంతస్తులు ఆ మోకాళ్ళతో దిగేసరికి వ్యాను వెళ్ళిపోతుంది. మెయిన్ లిఫ్టు తెరిచి ఉంది. అందులో సెక్రటరీగారు, మూడో అంతస్తు ఇల్లాలు, నేను ఉన్నాం. నేను రమ్మని పిలవలేదు. ఎన్నో ఏళ్ళు టీచరుగారు పిలిచిన పిలుపు అది, నా నోటితో పిలవాలనిపించలేదు. చేయి మాత్రం తలుపుకు అడ్డం పెట్టి ఉంచాను.

లక్ష్మమ్మ వెనక్కి తిరిగి వచ్చింది. గుమ్మంలో నిలబడి, మూడో అంతస్తు ఇల్లాలిని చూసి, "జెర జరుగుండ్రమ్మా. స్టూల్ సుత పట్టాలె" అంది.

ఆమె జరిగింది. దిగలేదు. సెక్రటరీగారు తలెత్తి ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డారు. తలుపులు మూసుకున్నాయి. మేమంతా తలుపు వైపు తిరిగి ఉంటే, లక్ష్మమ్మ అద్దం వైపు తిరిగి నిలబడింది. స్టూలు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కళ్ళు తుడుచుకుని, కొంగు సర్దుకుంది. గోడ అవతల సర్వీసు లిఫ్టు మూలుగు ఇంకా వినిపిస్తోంది. అది ఎప్పుడూ మెల్లగానే నడుస్తుంది. మేము ఒక్కొక్క అంతస్తు దాటుతుంటే, ఆ చప్పుడు కూడా మా పక్కనే దిగుతూ వచ్చింది.