చెయ్యెత్తింది నేను కాదు

మా పిల్లల స్కూల్లో ఈ ఏడు పేరెంట్స్ కమిటీ ప్రెసిడెంటు ఎవరో తెలుసా? నేనే అప్పా. నవ్వద్దండి. ఎట్లయినానో చెప్తాను, విన్నాక మీ ఇష్టం.

ఆ పదవి ఎట్లాంటిదో మీకు తెలియంది కాదు. వ్యాను లేటయితే ఫోను ప్రెసిడెంటుకే. గేటు ఊడితే ఫోను ప్రెసిడెంటుకే. ఆదివారం మీటింగులు వేరే. నాకు బంగారుపేటలో మోటరు వైండింగ్ షాపు. వారమంతా కాలిపోయిన మోటర్లతోనే సరిపోతాది. ఆదివారం అన్నం తిని పడుకునే నిద్ర ఒక్కటే నాకు మిగిలిన ఆస్తి. అందుకే ఎలెక్షన్ అంటే చాలు, ప్రతి ఏడూ అర్జెంటు పనుందని తప్పించుకుంటా వచ్చినాను. మా ఆవిడ సుజాతకేమో నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టాలని ఒకటే పట్టు.

నిన్న ఆదివారం బెంగళూరు నుంచి సైంటిస్టులు వచ్చినారు, మెదడు ఎట్లా పని చేస్తాదో ఇంటిల్లిపాదికీ చెప్పేదానికి. రాబర్ట్‌సన్‌పేటలో మా స్కూలు హాలంతా టేబుళ్లు పెట్టినారు. టిఫిను కూడా ఉండాదన్నారు. పోయినాను.

ఒక టేబులు దగ్గర సైంటిస్టమ్మ నిలబడి ఉండాది. చిన్న వయసే, అనంతపురం పిల్లంట. మొగుడూ పెండ్లాం ఎవరైనా రండి అనింది. సుజాత నన్ను ముందుకు తోసింది. ఇద్దరి చేతులకూ వైర్లు అంటించినారు. సుజాత పిడికిలి బిగిస్తే, ఆమె మెదడు పంపిన ఆర్డరు వైరులో వచ్చి నా వేళ్లను కదిలిస్తాదంట. నా నోరు ఊరుకుంటాదా?

"పెండ్లయినప్పటి నుంచి అదే కదమ్మా జరిగేది, దీనికి మిషను ఎందుకు?" అన్నాను.

హాలంతా నవ్వింది. సుజాత నవ్వలేదు. పిడికిలి బిగించింది.

అప్పుడు నా చేతిలో ప్లాస్టిక్ మెదడు ఉండాది, చూడమని సైంటిస్టమ్మ ఇచ్చింది. నా వేళ్లు నా మాట వినకుండా ఎగిరిపడినాయి. మెదడు కింద పడి ముక్కలు ముక్కలుగా ఊడిపోయింది. అన్నీ దొరికినాయి, చిన్నమెదడు ఒక్కటే యాడికి దొర్లిందో తెలీలేదు. సైంటిస్టమ్మ బెంచీల కింద దూరి వెతుకుతా ఉంటే, పిల్లోళ్లంతా "అంకుల్ చిన్నమెదడు పోయింది" అని ఊరంతా చాటుతా ఉండారు.

సరిగ్గా అప్పుడే హెడ్‌మిస్ట్రెస్ మైకు పట్టుకుంది. ఎట్లాగూ అందరూ వచ్చినారు కదా, ఈ ఏడు ప్రెసిడెంటుగా ఎవరుంటారో చెయ్యెత్తండి అనింది. అందరివీ నేలచూపులే. నావీ నేలచూపులే. తలెత్తి చూస్తే ఇంగేముంది, ఒకే ఒక చెయ్యి గాల్లో ఉండాది. అది నాది.

చప్పట్లు. సైంటిస్టుల కోసం తెచ్చిన శాలువా ఎవరో నాకు కప్పేసినారు.

ఎత్తింది నేను కాదు మేడం, మా ఆవిడ పిడికిలి బిగించింది, మిషను ఎత్తించింది, ఇది చెల్లదు అని మొత్తుకున్నాను. నమ్మకపోతే సైన్సునే అడగండి అన్నాను.

సైన్సు బెంచీ కింద నుంచి లేచి వచ్చింది, చిన్నమెదడు చేత పట్టుకుని.

"మిషను ఎప్పుడో ఆఫ్ చేసినాను సార్. ఆన్‌లో ఉన్నా అది వేళ్లను మాత్రమే కదిలిస్తాది. చెయ్యి పైకి లేపేంత పవరు దానికి లేదు."

ఇంటికి పోతా స్కూటరు మీద సుజాతను అడిగినాను, నిజం చెప్పు, పిడికిలి బిగించినావా లేదా అని.

"లేదండీ. ఊరికే మీ పక్క చూసినాను," అనింది.

ఆ మాటతో పాటే, స్కూలు ముందర మురుగు మోరీ పొంగుతా ఉండాది, రేపే మున్సిపాలిటీకి పోయి మాట్లాడి రండి అనింది. నాకు రోషం వచ్చింది. ప్రెసిడెంటును నేను, ఎప్పుడు పోవాలో నేనే చూసుకుంటాను, రేపు మాత్రం పోయేదే లేదు అని గట్టిగా చెప్పేసినాను. ఆమె స్కూటరు అద్దంలో నా పక్క చూసింది.

ఇదిగో, పొద్దున్నించీ మున్సిపాలిటీ ఆఫీసు లైన్లో నిలబడే మీకు ఇదంతా చెప్తా ఉండాను.