ఈరభద్రప్ప వెయ్యని ఓటు

2024 ఎన్నికలకు నన్ను ఎమ్మిగనూరు శాసనసభ నియోజకవర్గంలో వేశారు. అప్పటికి నేను డిప్యూటీ తహసీల్దారును. సొంతూరు ఆదోని, రిటైర్మెంటుకు కొన్ని నెలలే మిగిలి ఉన్నాయి. ఎన్నికల పని నాకు కొత్త కాదు. జూనియర్ అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో బ్యాలెట్ పెట్టెలకు లక్క కరిగించి సీళ్లు వేసినవాణ్ణి. ఈ నియోజకవర్గంలో ఏ ఎన్నికలో ఎవరు గెలిచారు, ఎవరు రెండో స్థానంలో నిలిచారు, తేడా ఎంత అని పైనుంచి అడిగినప్పుడల్లా పట్టిక రాసి పంపేది నేనే. ఆ పట్టిక నాకు కంఠతా వచ్చేది. దాంతో ఇక్కడి ఎన్నికల చరిత్ర అంతా నాకే తెలుసని ఒక పొగరు కూడా ఉండేది.

ఆ ఏడు నాకు రెండు పనులు అప్పగించారు. పోలింగ్‌కు ముందు వృద్ధుల ఇళ్లకు వెళ్లి ఓటు వేయించే బృందానికి నాయకత్వం ఒకటి. పోలింగ్ రోజున సెక్టార్ అధికారి బాధ్యత రెండోది. అంటే కొన్ని బూత్‌లను కలిపి ఒక సెక్టార్ చేస్తారు, అక్కడ ఏ చిక్కు వచ్చినా ముందుగా ఫోను వచ్చేది మాకే.

ఇంటి దగ్గర ఓటు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఎనభై అయిదేళ్లు దాటినవాళ్లు కోరితే, ఆ బూత్ జాబితా చూసే బీఎల్వో ఇంటికి వచ్చి పన్నెండు-డి అనే ఫారం మీద సంతకం తీసుకుంటారు. ఫారం ఆమోదం పొందగానే జాబితాలో ఆ పేరు పక్కన ‘పీబీ’ అని పడుతుంది, అంటే పోస్టల్ బ్యాలెట్ అని. ముందే చెప్పిన రోజున బృందం బ్యాలెట్ కాగితం, కవర్లు, అట్టతో చేసిన చాటు, వీడియో కెమెరాతో ఆ ఇంటికి వెళ్తుంది. మనిషి లేకపోతే మరో రోజు చెప్పి రెండోసారి వెళ్తుంది. అప్పుడూ లేకపోతే ‘అందుబాటులో లేరు’ అని రాసి ముగించాలి. ఆ తర్వాత ఆ మనిషి బూత్‌కు నడిచివచ్చినా ఓటు లేదు. ఒకే పేరు మీద రెండు ఓట్లు పడకుండా చేసిన కట్టుదిట్టం ఇది. దాన్ని నేను తప్పు పట్టను.

నా జాబితాలో మగ్గాల వీధిలోని ఒకే ఇంట్లో రెండు పేర్లు ఉన్నాయి. వీరభద్రప్ప, ఆయన భార్య బసమ్మ. వీధిలో ఆయన్ని ఈరభద్రప్ప అనే పిలుస్తారు. గుంట మగ్గం మీద బతుకు వెళ్లదీసిన మనిషి, తొంభై దాటాయి. ఆయనకు నిజానికి ఈ సదుపాయం అక్కర్లేదు. కర్ర పట్టుకుని బజారుకు వెళ్లి రాగలడు. లేవలేనిది బసమ్మే. కానీ ఆమె ఫారం నింపుతుంటే ఈయన, “ఇన్నేండ్లూ ఇద్దరం జతగా పోయి ఏసినాము. ఇప్పుడు ఆమె ఇంట్లో, నేను బడిలోనా? నాకూ ఒకటి రాయమ్మా” అని తన సంతకమూ పెట్టాడట. ఆ మాట బీఎల్వో నవ్వుతూ నాకు చెప్పింది.

మొదటిసారి వెళ్లినప్పుడు ఇంటికి తాళం ఉంది. బసమ్మకు ఊపిరి అందక ముందురోజే ఆదోనిలో ఆసుపత్రికి తీసుకుపోయారని పక్కింటి దస్తగిరమ్మ చెప్పింది. ఆదోని వేరే నియోజకవర్గం. మా బ్యాలెట్ పట్టుకుని అక్కడికి పోవడానికి లేదు. రెండోసారి వచ్చే రోజు, వేళ దస్తగిరమ్మకు చెప్పి, తలుపుకు నోటీసు అంటించి వచ్చాము.

ఆ రోజు చెప్పిన వేళకే వెళ్లాము. మళ్లీ తాళమే. దస్తగిరమ్మ పరుగున వచ్చింది.

“రోంత నిలుసుకోండి సార్. ఆదోనిలో బస్సు ఎక్కినాడంట, మాకు ఫోన్ చేయించినాడు. మీరు వస్తారనే ఆమెను ఆడ ఇడిసిపెట్టి వస్తాండాడు.”

ఆగాము. మే నెల ఎండ, నీడ లేని సందు. జాబితాలో ఇంకా ఏడు ఇళ్లు ఉన్నాయి, అందులో కొన్ని పల్లెల్లో. సాయంత్రానికి కవర్లన్నీ అప్పజెప్పాలి. నా సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, ఎవరికోసమైనా కాచుకోవడమంటే నాకు ఒళ్లు మంట. ఇరవై నిమిషాలు చూశాను. బస్సును నమ్ముకుంటే ఈ రోజు పని తెమలదని బృందంతో అని, తాళం వేసిన తలుపును వీడియో తీయించి, ఇద్దరి పేర్ల ఎదుటా ‘అందుబాటులో లేరు’ అని రాసి సంతకం చేశాను. “అయ్యో, వస్తాండాడు సార్” అని దస్తగిరమ్మ జీపు దాకా వెంట వచ్చింది. నేను తల కూడా బయట పెట్టలేదు.

పోలింగ్ రోజు పొద్దున్నే ఒక బూత్ ప్రిసైడింగ్ అధికారి ఫోను చేశాడు. పీబీ పడిన ముసలాయన వచ్చి కూర్చున్నాడని, ఎంత చెప్పినా కదలడం లేదని. పేరు అడిగాను. చెప్పాడు. వెంటనే జీపు ఎక్కాను.

వెళ్లేసరికి ఈరభద్రప్ప బూత్ లోపల గోడవారగా బెంచీ మీద ఉన్నాడు. ఉతికిన పంచె, భుజాన కండువా, చేతిలో ఓటరు కార్డు. నేనెవరో ఆయనకు తెలియదు. పక్కన కూర్చుని రూలు చెప్పాను. అంతా విన్నాడు. తర్వాత మెల్లగా ఆయన మొదలుపెట్టాడు.

“యాభై అయిదులో మొదటి ఓటు ఏసినా సారూ. అప్పుడు నిలబడినోడికొక పెట్టె. పెట్టె మీది గుర్తు చూసి కాగితం ఏయల్ల. తర్వాత ముద్దర వచ్చె, తర్వాత మిషన్ వచ్చె. ఒక్కతూరి గూడా తప్పలే. ఎవరు గెలిసినా మా మగ్గానికి ఒరిగింది ఏమీ లేదు. అయినా తప్పలే.”

ఇన్నాళ్లూ నేను రాసిన పట్టికలో ఈ మాటకు చోటే లేదని అప్పుడు తెలిసింది.

అంతలో అక్కడ కూర్చున్న రెండు పార్టీల ఏజెంట్లు లేచారు. పొద్దుటి నుంచి ప్రతి పేరుకూ కీచులాడుకుంటున్నవాళ్లు ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. “వేయనీండి సార్. మా పార్టీకి ఏం అభ్యంతరం లేదు.” “మాకూ లేదు సార్.” నేను కుదరదన్నాను. “దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటే ఇదే” అని ఒకడు గొణిగాడు. రిటర్నింగ్ అధికారికి ఫోను చేశాను. అక్కడి నుంచీ అదే జవాబు వచ్చింది.

ఆ సంగతి చెబితే ఈరభద్రప్ప నా ముఖంలోకి చూసి అడిగాడు.

“నేను ల్యానని రాసినోడు ఎవరప్పా?”

“బృందం వాళ్లు తాతా” అన్నాను.

“ఆ పొద్దు నేను వచ్చేతలికి జీపు పోయి పావుగంట అయిందంట. ఆమె పోనీలేదు నన్ను. చెయ్యి పట్టుకున్నది. సార్లు వస్తారు, ఓటేసి మాపుకు వస్తానని చెప్పి, ఆ చెయ్యి ఇడిపించుకోని వచ్చినా. తిరిగి ఆదోనికి పోయేతలికి ఆమె లేదు. ఇంకా దినాలు గూడా కాలేదు సారూ.” చేతిలోని కార్డును కండువాతో తుడిచాడు. “ఈ పొద్దు ఇది గూడా వద్దంటే, ఆ పొద్దు ఆమెను ఇడిసిపెట్టి నేను ఎందుకు వచ్చినట్టు? చెప్పు.”

బూత్‌లో అందరూ విన్నారు. జవాబు చెప్పాల్సింది నేను. ఓటర్ల వరుసలో దస్తగిరమ్మ ఉంది. ఆమె నన్ను గుర్తుపట్టింది. చూసింది గానీ ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత నయంగా ఉండేది. ఆ రాసింది నేనేనని చెప్పడానికి అప్పుడు నాకు ఒక్క అడుగు దూరం కూడా లేదు. అయినా చెప్పలేదు. సిగ్గుపడుతూనే ఇక్కడ రాస్తున్నాను.

ఈరభద్రప్ప కర్ర ఊతంగా లేచి, సిరా గుర్తు పెట్టే ఆమె ముందు ఒకసారి ఆగి, ఎడమచెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. ప్రిసైడింగ్ అధికారి డైరీలో ఈ సంఘటనను నియమం ప్రకారం రాయించాను. ఆ తర్వాత కొన్ని నెలలకు రిటైరయ్యాను. ఆయన ఇంటికి పోదామని ఒకసారి ఎమ్మిగనూరు బస్టాండు దాకా వెళ్లి, ధైర్యం చాలక తిరిగి వచ్చేశాను.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. బూత్‌లో ఓటు కుదరదనడం సరైనదే, మళ్లీ అదే పరిస్థితి వస్తే అదే చేస్తాను. తప్పు జరిగింది ఆ సందులో. రెండోసారి తప్పక వెళ్లాలని మాకిచ్చిన సూచనల్లో ఉంది. వెళ్లాక ఎంతసేపు ఆగాలో లేదు. అది నాకు వదిలేశారు. నేను ఇరవై నిమిషాలు చాలనుకున్నాను.