తింటా ఉండాడంట

నిన్న మా పాప గ్రామర్ పుస్తకంలో ‘స్టాప్డ్ ఈటింగ్’ అన్న మాట కనబడగానే పుస్తకం మూసేశాను.

నేను చిత్తూరు దగ్గర మా ఊళ్లో ఏడో తరగతి చదివేటప్పుడు, పక్కింటి రాజమ్మత్తకు వేలూరు ఆసుపత్రిలో ఉన్న మామ గురించి ఇంగ్లీషులో కార్డు వచ్చింది.

“ఏమి రాసినార్రా, ఇంగ్లీషు దొరా?”

ఆ రెండు మాటల దగ్గరే తడబడ్డాను. స్టాప్ అంటే ఆగడం. ‘ఇంగ్’ వస్తే ‘తున్నాడు’ అని అయ్యవారు నేర్పారు.

“ఆసుపత్రిలో ఆడే ఆగినాడంట అత్తా. తింటా ఉండాడంట.”

“తింటా ఉంటే సాలు నాయనా. సెనక్కాయ పెరికేసి ఆదివారం పోతా.”

శుక్రవారమే శవం వచ్చింది. మొగుడి కడచూపుకైనా పోలేదని ఊరు ఆమెను ఆడిపోసుకుంది. తిండి మానేశాడని ఆ కార్డులో ఉన్నట్టు మరుసటి ఏడు గ్రామర్ పాఠంలోగానీ నాకు తెలియలేదు. ఎవరికీ చెప్పలేదు.

అత్త బతికినన్నాళ్లూ ఉత్తరాలు నాచేతే చదివించుకుంది.