కత్తి మీద మూడు గీతలు

పెళ్ళిలో మా మామగారు నాకు పెన్ను పెట్టారు. చదువు రాకపోయినా దాన్ని చొక్కా జేబుకు తగిలించుకునే తిరిగేవాణ్ణి. లేకపోతే ఆయన ఊరుకునేవారు కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో ఒకరోజు నందిగామలో జగ్గయ్యపేట బస్సెక్కాను. పక్క సీట్లో పెద్దమనిషి ఒళ్ళో దుప్పటి చుట్టిన పొడవాటి మూట ఉంది. బర్మా యుద్ధంలో మన సిపాయిలు తెచ్చుకున్న జపాను కత్తులు సేకరించడం ఆయన సరదాట. ఆ రోజే ఒకటి దొరికిందని పొంగిపోతున్నాడు. పిడిలోని వెదురు చీల తోసి, పిడి ఊడదీసి, లోపలి తుప్పు ఇనుము మీద చెక్కిన అక్షరాలు చూపించాడు.

కండక్టరు వంగి చూశాడు. "ఏం రాసుందో చదువు బాబాయ్, పెన్ను పెట్టుకున్నావుగా!" అన్నాడు నాతో.

బస్సంతా నావైపు తిరిగింది.

"నాకు తెలుగే రాదురా," అన్నాను.

అందరూ నవ్వారు. పెద్దమనిషి మాత్రం, "నాకూ ఇది రాదండి. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నా. అడ్డగీత ఒకటుంటే ఒకటి, రెండుంటే రెండు. మరి ఇదెంతో చెప్పండి?" అని ఒకచోట వేలు పెట్టాడు.

అక్కడ మూడు గీతలున్నాయి.

"మూడు!" అని అరిచాను.

"చదివేశారుగా!" అని ఆయన నా వీపు చరిచాడు. కండక్టరు హుషారుగా విజిలేశాడు. ఎవరో దిగుతున్నారనుకుని డ్రైవరు బ్రేకేశాడు.

జగ్గయ్యపేటలో దిగి, తిన్నగా కొట్టుకెళ్ళి సిరాబుడ్డి కొన్నాను. అ, ఆలు ఆ తర్వాత నేర్చుకున్నాను.